పట్నం బొడ్రాయి

చార్మినార్‌ను కళ్లారా చూసి వెనుదిరుగుతాం. దానికి నాలుగైదు నిమిషాల నడక దూరంలో, నాలుగు కమాన్ల నడుమ ఉన్న చౌక్‌ను మాత్రం చూడకుండానే దాటిపోతాం. హైదరాబాద్‌ను కాగితం మీద గీసినవాళ్లు ఎంతో ఇష్టంగా గీసిన చోటు అది. నాలుగు వందల ముప్పై ఏళ్లు దాటిన ఆ ఖాళీ జాగా కథే ఈ వారం ముఖచిత్ర కథనం.

ఆదివారం తెల్లవారుజామున ఆరు గంటలకు, ఆ చౌక్ నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి గట్టు పక్కన నిలబడ్డాను. బంగారం దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఎవరో చల్లిపోయిన జొన్నల మీద పావురాలు గుంపుగా వాలాయి. పాలక్యాన్లు కట్టుకున్న మోపెడ్ ఒకటి వాటిని లేపి వెళ్లింది. అవి కొద్దిసేపు గాలిలో తిరిగి మళ్లీ అక్కడే దిగాయి.

ఉత్తరానికి చూస్తే మచిలీ కమాన్. తూర్పున కాలీ కమాన్. పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్. దక్షిణాన చార్మినార్ కమాన్, దాని వెనక పొగమంచులో సగం మునిగిన చార్మినార్. నేను నిలబడిన చోటు నుంచి ఈ నాలుగూ ఒకే దూరంలో ఉన్నట్టు అనిపించాయి. ఒక్క అడుగు ఎటు జరిగినా ఆ తూకం తప్పుతుంది. ఇక్కడికి యాభైసార్లు వచ్చి ఉంటాను. ఆ తూకం కంటికి ఆనింది మాత్రం ఆ పొద్దునే. మిగతా రోజుల్లో ఆటోలు, టూవీలర్లు, తోపుడుబండ్లు కమాన్లను కమ్మేస్తాయి. హౌజ్ అంటే బండ్లు చుట్టి తిరిగే మలుపుగా మిగులుతుంది.

పుస్తెమట్టెల ప్రయాణం

మాది సంగారెడ్డి దగ్గర ఇస్మాయిల్‌ఖాన్‌పేట. ఊరి పేరులో ఖాన్‌సాబ్ ఉంటాడు, ఊరి గుడిలో దుర్గా భవాని ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన ఉండటంలో వింతేమీ లేదని పుట్టినప్పటి నుంచీ చూస్తూ పెరిగాం. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులతోనే మా వైపు పొద్దు మొదలవుతుంది. అయినా పెళ్లి కుదిరిందంటే ఇప్పటికీ మావాళ్ల కాళ్లు చార్‌కమాన్ వైపే సాగుతాయి.

అక్క పెళ్లికి పుస్తెమట్టెలు కొనడానికి అమ్మా నాయినలతో నేనూ వచ్చాను. సంగారెడ్డిలో బస్సెక్కి, పటాన్‌చెరు దాటి, అఫ్జల్‌గంజ్‌లో దిగి, నయాపూల్ మీద నడుచుకుంటూ మదీనా, పత్తర్‌గట్టి మీదుగా మచిలీ కమాన్ కిందికి చేరాం. కమాన్ నీడలోంచి బయటికొచ్చాక నాయిన ఆగాడు. ఎదురుగా ఎనిమిది మూలల నీటి తొట్టి. నాలుగు వైపులా చూసి, "ఇది పట్నం బొడ్రాయి బిడ్డా" అన్నాడు.

ఆయన చరిత్ర పుస్తకాలు చదివినవాడు కాదు. ఊరు ఎలా కడతారో తెలిసినవాడు. తెలంగాణలో ఏ ఊరికైనా నడిమధ్యన బొడ్రాయి ఉంటుంది. ఊరికి బొడ్డు అది, నాభిశిల. ఊరు కట్టేముందు ఆ రాయిని పాతి, దాని చుట్టూ జాగా వదిలి, అక్కడి నుంచి వాడలు తీస్తారు. బొడ్రాయి పండుగ వస్తే అత్తారింటికి పోయిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. ఇంటింటి నుంచీ బిందెడు నీళ్లు తెచ్చి రాయి మీద పోస్తారు. ఎంత భూమి కరువున్న ఊరైనా బొడ్రాయి చుట్టూ ఉన్న జాగాలో గోడ లేపడానికి ఎవరికీ మనసొప్పదు. అది ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ.

నాయిన అన్న మాట చాలా ఏళ్లు చెవిలో ఉండిపోయింది. తర్వాత చదువుతూ పోయినకొద్దీ, హైదరాబాద్ పుట్టుకను ఇంతకన్నా క్లుప్తంగా చెప్పే మాట లేదనిపించింది.

కోట ఇరుకైంది, నది దాటింది

పదహారో శతాబ్దం ద్వితీయార్ధానికి గోల్కొండ కోట జనంతో కిక్కిరిసింది. నీటికీ జాగాకూ కటకట. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో 1578లో మూసీ మీద వంతెన లేచింది. అదే నేటి పురానాపూల్. ఆ తర్వాతి శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే దాన్ని చూసి, పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెన అందానికి పెద్దగా తీసిపోదని రాశాడు. వంతెన వచ్చాక నదికి దక్షిణాన ఊరు పెరగడం మొదలైంది. గోల్కొండ బజారు నుంచి మచిలీపట్నం ఓడరేవుకు సరుకు వెళ్లే బాట కూడా ఆ నేల మీదుగానే పోయేది.

1580లో గద్దెనెక్కిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఆ బాట మీదే కొత్త నగరం కట్టాలని తలపెట్టాడు. హిజ్రీ శకానికి వెయ్యేళ్లు నిండుతున్న సమయమది, క్రీస్తుశకంలో 1591. నగరానికి రూపురేఖలు గీసే బాధ్యత పేష్వా, అంటే ప్రధాని, మీర్ మోమిన్ అస్త్రాబాదీ చేతుల్లో పడింది. ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుంచి 1580వ దశకంలో గోల్కొండకు వచ్చిన పండితుడాయన. అప్పటికి ఇక్కడ కూల్చడానికి పాత ఊరి గోడలేవీ పెద్దగా లేవు, మైదానం దొరికింది. అటు ఉత్తర దక్షిణాలకు ఒక గీత, ఇటు తూర్పు పడమరలకు ఒక గీత. రెండూ కలిసిన చోట చార్మినార్. దానికి కాస్త ఉత్తరాన, రాజప్రాసాదాల ముంగిట, నాలుగు కమాన్ల విశాలమైన చౌక్. ఊరు పుట్టి తర్వాత చౌక్ ఏర్పడలేదు. చౌక్ గీసి, దాని చుట్టూ ఊరిని నింపారు.

తర్వాత నాలుగైదేళ్లలోనే 1595 నాటికి దారుల్ షిఫా ఆసుపత్రి, ఆ దరిదాపుల్లోనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, 1597-98 కల్లా చార్మినార్ పక్కన జామా మసీదు వచ్చాయి. వైద్యానికో చోటు, విషాదానికో చోటు, ప్రార్థనకో చోటు. ఇంత తొందరగా ఇన్ని లేచాయంటే దాని వెనక ముందే గీసుకున్న లెక్క ఉన్నట్టే.

సున్నంతో అల్లిన పూలు

చౌక్‌లోకి వెళ్లేముందు చార్మినార్‌ను ఒకసారి దగ్గర నుంచి చూడాలి. ఎందుకంటే చౌక్‌కు కొలత ఇచ్చింది అదే.

ఒక్కో భుజం సుమారు 20 మీటర్లు, అచ్చమైన చతురస్రం. నాలుగు వైపులా నాలుగు పెద్ద కమాన్లు, ఒక్కోటి 11 మీటర్ల వెడల్పు. కమాన్ల పైన చిన్నచిన్న తోరణాల వరసలు. నాలుగు మూలల్లో నాలుగు మినార్లు. లోపల 149 మెట్లు సుడి తిరుగుతూ పైకెళ్తాయి. పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉంది, అందులో 45 మంది నమాజు చేసుకునేందుకు విడివిడిగా చోట్లు గీశారు. కింద నాలుగు దారులు కలిసే కూడలి, పైన ప్రార్థనాస్థలం. రెంటినీ ఒకే కట్టడంలో పేర్చడమే చార్మినార్ గొప్పతనం.

కట్టింది నల్లరాయితో. కంటికి కనిపించేది మాత్రం గచ్చు. కుతుబ్‌షాహీ పనివాళ్ల నైపుణ్యమంతా ఆ గచ్చులోనే ఉంది. నానబెట్టిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా నూరేవారు. పాత మేస్త్రీలు దాన్ని డంగు సున్నం అంటారు. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపితే జిగురు పెరుగుతుంది, పగుళ్లు తగ్గుతాయి. ముద్ద పచ్చిగా ఉండగానే సన్నని కరండితో పూలు, ఆకులు, గొలుసులు, జాలీలు దిద్దుతారు. ఆరాక అది రాయికి చర్మంలా పట్టుకుంటుంది. మినార్ల నడుముకు చుట్టిన పూలపట్టీల్లో ఏ ఒక్కటీ రాయిలో చెక్కినది కాదు, చేత్తో దిద్దినదే. ఒక కమాను పైన పిల్లి తల కూడా ఉందని పాతబస్తీ పెద్దలు పిల్లలకు వేలెత్తి చూపిస్తారు. మహమ్మారిని మోసుకొచ్చే ఎలుకల మీద కాపలాకు పెట్టారని చెబుతారు.

సున్నం బతికున్న వస్తువులాంటిది. తడికి ఉబ్బుతుంది, ఎండకు సర్దుకుంటుంది, ఎప్పటికప్పుడు చూసుకునే చెయ్యి కావాలి. 2019 మే మొదట్లో వాన కురిశాక ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి కింద పడింది. మరమ్మతుకు సిమెంటు పనికిరాదు. అది సున్నాన్ని ఊపిరాడనివ్వదు, కొన్నేళ్లకు పక్కనున్న పాత గచ్చును కూడా లాక్కుని పడుతుంది. మళ్లీ డంగు సున్నమే కలపాలి, మళ్లీ ఆ చేతులే దిద్దాలి. ఒక వారసత్వ కట్టడాన్ని కాపాడటమంటే ముందుగా దాన్ని దిద్దగల చేతులను కాపాడుకోవడం.

నాలుగు కమాన్లు, నాలుగు పనులు

చార్మినార్ కట్టిన ఏడాదికే, 1592లో, నాలుగు కమాన్లు లేచాయి. ఒక్కోటి సుమారు 60 అడుగుల ఎత్తు. వాటి నడుమనున్న మైదానాన్ని జిలూఖానా అన్నారు. రాజు సవారీ బయలుదేరేముందు సైన్యం, ఏనుగులు, గుర్రాలు బారులు తీరే ముంగిలి అది. మధ్యలో ఉన్న తొట్టిని చార్ సూ కా హౌజ్ అనేవారు, నాలుగు దిక్కుల కొలను అని. కాలక్రమంలో అదే గుల్జార్ హౌజ్ అయింది.

పడమటి కమాన్ అన్నింటికన్నా ముఖ్యమైనది. దాని వెనక దౌలత్‌ఖానా-ఎ-ఆలీ ఉండేది, అంటే రాజభవన సముదాయం. ఆ ద్వారానికి జరీ పరదా వేలాడేదని చరిత్రకారులు రాశారు. దీన్ని మొదట సిహ్ర్-ఎ-బాతిల్ అనేవారట. మాయనూ చేతబడినీ వమ్ము చేసేదని అర్థం. రాజు ఇంటి గుమ్మానికి దిష్టి తగలకూడదని పెట్టుకున్న పేరన్నమాట. జనం నోట్లో సిహ్ర్ కాస్తా షేర్ అయింది, మాయ పోయి సింహం వచ్చి కూర్చుంది. మన ఇళ్ల గుమ్మానికి కట్టే గుమ్మడికాయకూ ఆ పేరుకూ పెద్ద దూరం లేదు.

తూర్పు కమాన్ నక్కార్‌ఖానా. పొద్దు మారినప్పుడల్లా, రాజు కదిలినప్పుడల్లా నగారాలు మోగింది దాని మీది నుంచే. గడియారం లేని నగరానికి కాలం చెప్పిన కమాన్ ఇది. ఈనాడు దాన్ని కాలీ కమాన్ అంటున్నాం.

ఉత్తరపు కమాన్‌కు చేప గుర్తు. మచిలీ కమాన్ పేరు దానివల్లే వచ్చింది. చేప సిరికీ శుభానికీ చిహ్నం. మృగశిర కార్తె రోజున ఇక్కడ అలంకరించిన చేప బొమ్మను వేలాడదీసేవారని చెబుతారు. మిరుగు రోజున చేప కూర తినకపోతే ఇల్లు ఊరుకోని తెలంగాణలో ఆ మాట వినగానే నమ్మబుద్ధేస్తుంది.

దక్షిణపు కమాన్ చార్మినార్ వైపు దారి. దాని కిందికి వెళ్లేటప్పుడు ఒక్క క్షణం ఆగి పైకి చూస్తే, చార్మినార్ మొత్తం ఆ కమాన్‌లో చట్రం కట్టినట్టు ఇమిడిపోతుంది. ఆ దృశ్యం అనుకోకుండా కుదిరిందని నేను నమ్మలేను. ఎవరో అక్కడ నిలబడి, కన్ను పెట్టి, దూరం కొలిచి ఉంటారు.

మా వైపు ఊరి మొదట్లో, గుడి దారిలో లేపే ప్రతి స్వాగత ద్వారాన్నీ కమాన్ అనే అంటాం. "కమాన్ కాడ దిగు" అంటే ఊళ్లో అందరికీ తెలుస్తుంది. ఆ మాట మన నాలుక మీద నాటుకున్నది ఇలాంటి దర్వాజాల నీడలోనే.

ఓరుగల్లు తోరణాల నీడ

నాలుగు దిక్కులకు నాలుగు ద్వారాలు, నడుమ ఖాళీ జాగా. ఈ రూపం మనకు కొత్తదా? ఓరుగల్లు కోటకు వెళ్లినవాళ్లు దాన్ని ముందే చూశారు. కోట నడిమధ్యన కాకతీయుల స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు శిలాతోరణాలు నిలిచి ఉన్నాయి. గుడి కూలినా అవి కూలలేదు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఆ తోరణమే. హైదరాబాద్ నడిబొడ్డును గీసినప్పుడు ఓరుగల్లు నడిబొడ్డు కుతుబ్‌షాహీల మనసులో ఉందని రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ లాంటి చరిత్రకారులు వాదిస్తారు. ఈ నేలను ఏలాలనుకున్నవాడు ఈ నేల పాత రాజధాని గుర్తును తలకెత్తుకోవడం సహజమే.

ఇరాన్ నుంచి కూడా నగరం గురించిన కలలు వచ్చాయి, నిజమే. కానీ ఇస్ఫహాన్‌లో షా అబ్బాస్ కట్టించిన నక్ష్-ఎ-జహాన్ మైదాన్, ప్రపంచం ఈనాడు నోరు తెరిచి చూసే ఆ చౌక్, 1598 తర్వాతిది. మన చౌక్ దానికన్నా కొన్నేళ్లు పెద్దది. హైదరాబాద్ ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన నకలు కాదని చెప్పడానికి ఆ ఒక్క తేదీ చాలు. పర్షియా గీతా, ఓరుగల్లు జ్ఞాపకమూ ఇక్కడి మట్టిలో కలిసి కొత్త రూపం ఎత్తాయి.

ఆ కలయికకు మా పటాన్‌చెరు కూడా సాక్ష్యం. కల్యాణీ చాళుక్యుల నాడు పొట్టలకెరెగా వెలిగిన ఊరు అది. ఇబ్రహీం కులీని తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్ పటాన్‌చెరులో ఉండేవాడు. తెలుగులో తొలి అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్రను పొన్నికంటి తెలగనార్యుడు అంకితమిచ్చింది ఆ అమీన్‌ఖాన్‌కే. సంస్కృతపు పలుకు తగలని తెలుగులో కావ్యం కావాలని కోరుకున్న ఖాన్‌సాబ్ మా ఇరుగుపొరుగువాడు. పక్కనే ఉన్న అమీన్‌పూర్ పేరు ఆయనదేనంటారు. ఇబ్రహీం కొడుకే చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ. ఆయన కవి కూడా. దక్కనీలో ఆయన రాసిన దీవాన్‌ను 1616లో సోదరుడి కొడుకు, అల్లుడు కూడా అయిన మహమ్మద్ కుతుబ్‌షా సంకలనం చేశాడు. ఇక్కడి పండుగలు, వానలు, పూలు, పండ్లు అన్నీ అందులో ఉన్నాయి.

నిండిపోయిన ముంగిలి

చౌక్ ఖాళీగా ఎంతకాలం ఉంది? పూర్తిగా ఖాళీగా ఏనాడూ లేదనే చెప్పాలి. 1666-67లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో చార్మినార్‌ను కొలిచి మరీ వర్ణించాడు. దాని నాలుగు కమాన్లకూ ఎదురుగా సరిగ్గా కమాన్ వెడల్పుకు సరిపోయే నాలుగు వీధులున్నాయన్నాడు. ఊళ్లో ఇంతకన్నా అందమైన కట్టడం లేదన్నాడు. ఆ వెంటనే, దాని చుట్టూ కర్రతో కట్టి గడ్డి కప్పిన పండ్ల దుకాణాలు ఆ అందాన్ని చెడగొడుతున్నాయని వాపోయాడు. ఈ వారం మనం చేసే ఫిర్యాదు మూడున్నర శతాబ్దాల కిందటిది.

1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఔరంగజేబు వశమైంది. పడమటి కమాన్ వెనకున్న రాజభవనాలు ఆ తర్వాత ఒక్కొక్కటే నేలమట్టమయ్యాయి. ఖుదాదాద్ మహల్, దాద్ మహల్ ఈనాడు పేర్లుగా మిగిలాయి. ద్వారం మిగిలింది, ఇల్లు పోయింది. భవనాలు పోయిన జాగాలోకి ఇళ్లు, గల్లీలు, దుకాణాలు వచ్చాయి. చౌక్ నాలుగు మూలలూ మెల్లగా పూడిపోయి, మైదానం కాస్తా నాలుగు రోడ్ల కూడలి అయింది. కుతుబ్‌షాహీలు పునాది వేసిన మక్కా మసీదును మాత్రం ఔరంగజేబే 1694 నాటికి పూర్తి చేయించాడు.

అసఫ్‌జాహీల కాలంలో చౌక్‌కు మళ్లీ కళ వచ్చింది. 1889లో చార్మినార్ నాలుగు వైపులా గడియారాలు అమర్చారు. నగారాలు మూగబోయిన చౌక్‌కు మళ్లీ కాలం చెప్పేవాడు దొరికాడు. 1892లో ప్రధాని ఆస్మాన్‌జా లాడ్‌బజార్ చివర మహబూబ్ చౌక్ గడియార స్తంభం కట్టించాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ విషాదంలోంచే 1912లో నగర అభివృద్ధి బోర్డు పుట్టింది. మచిలీ కమాన్‌కు ఉత్తరాన రోడ్డును వెడల్పు చేసి, రెండు వైపులా ఒకే తీరు రాతి తోరణాలతో దుకాణాల వరస కట్టారు. అదే పత్తర్‌గట్టి. కొత్తగా కడుతూ కూడా పాత కమాన్ల వంపును మరిచిపోకుండా కట్టిన తీరుకు పత్తర్‌గట్టిని ఈనాటికీ పాఠంగా చెప్పుకోవచ్చు. పైన మేడ, కింద వరండా, నడిచేవాడికి ఎండలో నీడ, వానలో గొడుగు.

లక్క మెత్తబడే వేళ

చౌక్ రాళ్లతో బతకదు, బజారుతో బతుకుతుంది. చార్మినార్ నుంచి పడమటికి తిరిగితే లాడ్‌బజార్. ఒక గల్లీలో గాజుల కార్ఖానా ముందు అరగంట నిలబడ్డాను.

బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దను కాస్తారు. మెత్తబడగానే రంగు కలిపి, చెక్క మీద దొర్లించి, సన్నని కడ్డీలా సాగదీస్తారు. కొలతకు కోసి, వంచి, రెండు కొసలనూ వేడి తగిలించి అతికిస్తారు. అతుకు వేలికి తగలకూడదు. ఇక రాళ్లు అద్దడం మొదలవుతుంది. ఆవగింజంత అద్దాలను, రాళ్లను ఒక్కొక్కటిగా తీసి, లక్క చల్లారేలోపు నొక్కాలి. ఆలస్యమైతే రాయి అంటదు, తొందరపడితే వేలు కాలుతుంది. అక్కడ కూర్చున్న అమ్మ చూపుడువేలి కొస గట్టిపడి, నున్నగా మెరుస్తోంది. కళ్లెత్తకుండానే, "చూడు బేటా, ఎన్నైనా చూడు, చూసేదానికి పైసలు లేవు" అంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు పేరుకు దక్కింది. ఆ వేలికొసకు తగిన కూలి కూడా దక్కాలి.

అక్క పెళ్లినాడు అమ్మ ఇక్కడే గాజులు బేరమాడింది. ఒక్క జత ఎక్కించి చూసి, "బిగుతున్నయి భయ్యా, పిల్ల చెయ్యి నొస్తది" అంది. దుకాణదారు అక్క చెయ్యి పట్టుకోకుండానే, వేళ్లు ముడిచిన తీరు చూసి సైజు చెప్పి ఇంకో జత తీశాడు. అవి సరిగ్గా సరిపోయాయి. తరాలుగా పెళ్లికూతుళ్ల చేతులు చూసిన కళ్లవి.

ఒక్క పొద్దున చుట్టి రావాలంటే

ఎండ ఎక్కకముందే బయలుదేరండి. నయాపూల్ దాటి మదీనా కూడలి నుంచి నడక మొదలుపెట్టండి. పత్తర్‌గట్టి వరండాలో నడుస్తూ తోరణాల వరస చూడండి. మచిలీ కమాన్ కింద ఆగి తల పైకెత్తండి. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి నాలుగు కమాన్లనూ ఒక చుట్టు చుట్టి చూడండి. పడమటి కమాన్ వైపు పది అడుగులు వేసి, ఆ జాగాలో రాజభవనాన్ని ఊహించుకోండి. వెనక్కి వచ్చి దక్షిణపు కమాన్‌లోంచి చార్మినార్‌ను చూడండి. మెట్లెక్కే అవకాశముంటే పైనుంచి నాలుగు వీధుల గీతలూ కనిపిస్తాయి. దిగి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకుని మక్కా మసీదు, లాడ్‌బజార్ మీదుగా మహబూబ్ చౌక్ దాకా నడవండి. పిల్లలను తప్పక తీసుకెళ్లండి. మీరు చెప్పేదానికన్నా ఆ కమాన్లే వాళ్లకు ఎక్కువ చెబుతాయి.

జాగా మిగలాలి

చార్మినార్ చుట్టూ బండ్లను ఆపి, నల్లరాతి పలకలు పరిచి, నడిచేవాళ్లకు అప్పగించారు. ఎన్నో ఏళ్లు నలిగిన ఆ పని వల్ల కట్టడం కాస్త ఊపిరి పీల్చుకుంది. 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాలు అక్కడ పాటలు, ఆటలు మొదలైనప్పుడు కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి నేల మీద కూర్చున్నాయి. జాగా ఇస్తే జనం ఏం చేస్తారో ఆ సాయంత్రాలు చూపించాయి. గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులతో కలిపి చార్మినార్ 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉంది. కానీ మన శ్రద్ధ చార్మినార్ దగ్గరే ఆగిపోతోంది. నాలుగడుగులు ఉత్తరాన ఉన్న చౌక్ దాకా చేరడం లేదు. కమాన్ల పక్కలకు దుకాణాలు అతుక్కునే ఉన్నాయి. వాటి గచ్చు మీద కరెంటు తీగలు, బోర్డులు వేలాడుతున్నాయి.

ఇది అందానికి సంబంధించిన మాట మాత్రమే కాదు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది ప్రాణాలు పోయాయి. అందులో పసిపిల్లలున్నారు. ఆ వార్త విన్న రోజు నుంచీ ఈ చౌక్‌ను చూసే నా చూపు మారింది. ఊరి నడుమ ఖాళీ జాగా వదిలినవాళ్లు ఏనుగుల బారుల కోసమే వదిలి ఉండొచ్చు. కానీ గాలి ఆడటానికీ, మనిషి పరుగెత్తడానికీ, నీళ్లు మోసుకొచ్చే బండి లోపలికి రావడానికీ కూడా ఆ ఖాళీయే దారి. ఇరుకు ఎక్కడ పెరిగినా చివరికి ఖరీదు కట్టేది మనుషులే.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. కమాన్లకు అతుక్కున్న కట్టడాలను, అక్కడ బతికేవాళ్లకు పక్కనే చోటు చూపించి, ఒప్పించి జరపాలి. పండ్లబండివాడు థెవెనో నాటి నుంచీ ఈ చౌక్ వారసుడే, అతన్ని తరిమి చౌక్‌ను కాపాడలేం. తీగలను భూమిలోకి దించాలి. గచ్చు పనిని సున్నం తెలిసిన మేస్త్రీలకే ఇవ్వాలి, వాళ్ల పక్కన పదిమంది కుర్రాళ్లను కూర్చోబెట్టి నేర్పించాలి. కనీసం ఆదివారం పొద్దున నాలుగు కమాన్ల నడుమ బండ్లు తిరగకుండా ఆపాలి. అన్నింటికీ ముందు, అది కూడలి కాదు, చౌక్ అని ఒప్పుకోవాలి.

ఊళ్లో బొడ్రాయిని కాపాడటానికి చట్టం లేదు, కాపలా లేదు. అక్కడ గోడ కట్టకూడదని అందరికీ తెలుసు, అంతే. నాయిన ఆ రోజు హౌజ్ ముందు నిలబడి ఆ మాట అన్నాక చెప్పులు విడిచి, తొట్టి గట్టును చేత్తో తాకి కళ్లకద్దుకున్నాడు. ఊళ్లో బొడ్రాయికి ఎలా మొక్కుతాడో అలాగే.

ఎనిమిది దాటేసరికి మచిలీ కమాన్ కింది నుంచి మొదటి ఆటో హారన్ మోగించుకుంటూ వచ్చింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక నాలుగు. పావురాలు లేచాయి, ఈసారి దిగలేదు. నేను గట్టును తాకి, రోడ్డు దాటాను.